ఇల్లు ఫ్రిస్కోలో, యజమాని పటమటలో: అద్దెకు వచ్చేవారిని ఇక్కడ కూర్చుని ఎంచుకోవడం ఎలా?

తిరుగుటపా (పటమట, విజయవాడ) – సెప్టెంబర్ 2, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్ళు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉద్యోగం చేసి, నాన్నగారి ఆరోగ్యం కోసం రెండేళ్ళ క్రితం కుటుంబంతో సహా పటమట వచ్చేశాను. అక్కడి ఇల్లు అమ్మలేదు. నాలుగు పడకగదులు, వెనక చిన్న దొడ్డి, అద్దె నెలకు 2,800 డాలర్లు. బయలుదేరే హడావిడిలో స్నేహితుడి స్నేహితుడికి, ‘మనవాళ్ళే’ అన్న ఒక్క మాట మీద తాళాలు ఇచ్చేశాను. కాగితం లేదు, డిపాజిట్ లేదు. ఆ మనవాళ్ళు రెండున్నర నెలల అద్దె ఎగ్గొట్టారు. మెట్ల మీది కార్పెట్ నిండా పసుపు మరకలు. దొడ్డి గేటు ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఈసారి లైసెన్సు ఉన్న ఏజెంటును పెట్టుకున్నాను. మూడు దరఖాస్తులు వచ్చాయి. ఒకటి తెనాలి దంపతులది: ఇద్దరు పిల్లలు, భర్తకు హెచ్1బీ ఉద్యోగం, క్రెడిట్ స్కోరు 643. రెండోది ఒక నర్సు. స్కోరు 712, మూల జీతం నెలకు 7,280 డాలర్లు, ఒక కుక్క. మూడో అతనికి స్కోరు చూపించడం ఇష్టం లేదు కానీ ఆరు నెలల అద్దె ముందే కడతానంటున్నాడు. ఇల్లు చూడకుండానే వచ్చే శనివారం దిగిపోతాడట.

మా అమ్మ ఇప్పటికే తేల్చేసింది: “తెనాలివాళ్ళు ఉండగా కుక్కలవాళ్ళకు ఇవ్వడమేమిటిరా?” నాకు మాత్రం ఈసారి మాట మీద ఇచ్చే ధైర్యం లేదు. అక్కడ పొద్దున తొమ్మిదైతే ఇక్కడ రాత్రి ఏడున్నర. ఫోన్ల మీదే రాత్రి గడిచిపోతోంది. అనుభవం ఉన్నవాళ్ళు దారి చెప్పండి.

మిర్చియార్డు (గుంటూరు) – సెప్టెంబర్ 2, రాత్రి 10:52

ఆరు నెలల అద్దె ముందే చేతిలో పెడతానంటే ఇంకా చర్చ ఎందుకండీ? మా గుంటూరులో అలాంటి మనిషికి తాళంతో పాటు కొబ్బరికాయ కూడా మేమే కొనిస్తాం. మూడో అతనికి ఇచ్చేసి హాయిగా నిద్రపోండి.

ప్లేనో_పాతకాపు (ప్రస్తుతం గుంటూరు విద్యానగర్‌లో) – సెప్టెంబర్ 2, రాత్రి 11:30

మిర్చియార్డు గారూ, మీ మాట వింటే ఈయన దొడ్డి గేటుతో పాటు వీధి గేటు కూడా పోగొట్టుకుంటారు.

నాకు ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లేనో చుట్టుపక్కల మూడు అద్దె ఇళ్ళున్నాయి. సంవత్సరంలో నాలుగు నెలలు అమ్మానాన్నల దగ్గర విద్యానగర్‌లో ఉంటాను కాబట్టి మీ అవస్థ నాకు బాగా తెలుసు. ముందు మూడో అతని సంగతి. స్కోరు చూపించను, ఇల్లు చూడను, తొందరగా దిగుతాను, డబ్బు ముందే ఇస్తాను: ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతాను. బ్యాంకు జారీ చేసిన చెక్కులా కనిపించేది దొంగదని తేలడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోపు మనిషి ఇంట్లో ఉంటాడు. ఒకసారి దిగినవాణ్ణి ఖాళీ చేయించాలంటే నోటీసు ఇచ్చి జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు (చిన్న దావాలు చూసే స్థానిక కోర్టు) వెళ్ళాలి. పటమట నుంచి ఆ పని ఎంత సుఖంగా ఉంటుందో ఊహించుకోండి.

అతను జీతం చీటీ పంపించాడా? పంపితే మూడు గడులు చూడండి. సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) కోత స్థూల జీతంలో 6.2 శాతం, మెడికేర్ (పెద్దవయసువారి వైద్య బీమా) 1.45 శాతం. ఆరోగ్య బీమా లాంటివి ముందే తీసేస్తే ఈ కోతలు కాస్త తగ్గవచ్చు. మామూలు జీతాలకు అంతకంటే పెరగవు. మూడోది రాష్ట్ర ఆదాయపు పన్ను. టెక్సాస్‌లో అది లేనే లేదు. ఇంటర్నెట్‌లో చీటీలు తయారు చేసుకునేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

తర్వాత, మీ ఎంపిక నియమాల కాగితం ఎక్కడ? టెక్సాస్ ఆస్తి చట్టం ప్రకారం దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఆదాయం ఎంత ఉండాలి, పాత అద్దెల చరిత్ర, క్రెడిట్, నేర చరిత్ర ఎలా చూస్తారు అన్నది రాసి ఇవ్వాలి. ఇవ్వకుండా తిరస్కరిస్తే దరఖాస్తు రుసుము వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది.

టులెట్_బోర్డు (సత్యనారాయణపురం, విజయవాడ) – సెప్టెంబర్ 3, ఉదయం 6:15

బాబూ, నాకు అమెరికా సంగతులు తెలియవు. మాకు నాలుగు పోర్షన్లు, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అద్దెకు ఇస్తున్నాను. నేను చెబుతుంటే మా అమ్మాయి టైపు చేస్తోంది.

ఒకసారి ఒకాయన ఇస్త్రీ మడత నలగని చొక్కాతో వచ్చాడు. రెండు నెలల అడ్వాన్సు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. ఉండదలచిన మనిషి అడుగుతాడు: మున్సిపల్ నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, మోటారు ఎవరు వేస్తారు, కరెంటు మీటరు వేరేనా, బండి మెట్ల కింద పెట్టుకోవచ్చా అని. ఆయన గోడలు కూడా చూడలేదు. నాకు అప్పుడే మనసులో కలుక్కుమంది, కానీ నోట్లు ఎదురుగా ఉన్నాయి. మూడో నెలలో ఒక రాత్రి మాయమయ్యాడు. తెల్లారేసరికి చీటీపాటల డబ్బు కోసం నలభై మంది మా గుమ్మంలో!

అప్పటినుంచి ఎవరు వచ్చినా వాళ్ళు అంతకుముందు ఉన్న వీధికి వెళతాను. ఇంటి యజమానిని అడగను, ఇస్త్రీ బండి అతన్ని అడుగుతాను. ఏ ఇంట్లో నెలాఖరుకు గొడవ జరుగుతుందో, ఎవరు బాకీ పెట్టి పోతారో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ పైన మామూలే: ఏ ఊరు, ఏమిటివాళ్ళు, పిల్లలెంతమంది, నీచు వండుతారా అని అడుగుతాను.

ప్లేనో_పాతకాపు – సెప్టెంబర్ 3, ఉదయం 8:05

అమ్మా, మీ చివరి వాక్యం తప్ప మిగిలినదంతా నాకు నచ్చింది. ఆ నాలుగు ప్రశ్నలూ ఫ్రిస్కోలో అడిగితే ఈ అబ్బాయి కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు.

అక్కడ 1968లో వచ్చిన ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. జాతి, చర్మపు రంగు, మతం, జాతీయ మూలం చూసి ఇల్లు ఇవ్వననకూడదని అప్పుడే రాశారు. 1974లో స్త్రీ పురుష భేదం చేర్చారు, 1988లో వైకల్యం, పిల్లలున్న కుటుంబం కూడా చేరాయి. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగి ఒప్పందంలో పేర్లు రాయించుకోవచ్చు. పిల్లలున్నారని కాదనకూడదు. మన దేశంవాళ్ళన్న కారణంతో ఇవ్వడం కూడా తప్పే, ఎందుకంటే ఆ పక్కన ఇంకొకరికి ‘మనవాళ్ళు కాదు’ అని చెప్పినట్టే కదా.

మూడుకు మించని సొంత ఇళ్ళను ఏజెంటు లేకుండా స్వయంగా ఇచ్చేవారికి కొంత మినహాయింపు ఉందని ఎవరైనా చెబుతారు. నిజమే. కానీ ప్రకటనల విషయంలో అది చెల్లదు, ఏజెంటు వచ్చిన క్షణమే పోతుంది. తిరుగుటపా గారికి ఏజెంటు ఉన్నారు.

తిరుగుటపా – సెప్టెంబర్ 3, ఉదయం 8:20

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆగస్టులో డల్లాస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ‘తెలుగు కుటుంబానికి ప్రాధాన్యం, శాకాహారులైతే మరీ మంచిది’ అని పెట్టాను. అమ్మ చెప్పింది, రాశాను.

ప్లేనో_పాతకాపు – సెప్టెంబర్ 3, ఉదయం 8:22

వెంటనే తీసేయండి. నా జవాబు పూర్తిగా చదివే ముందే తీసేయండి.

తిరుగుటపా – సెప్టెంబర్ 3, ఉదయం 8:31

తీసేశాను. ఎంపిక నియమాల కాగితం గురించి ఏజెంటును అడిగాను. జూలైలోనే పంపారట, నేను చదవకుండా సంతకం పెట్టానట! అందరికీ దరఖాస్తుతో పాటే ఇచ్చారు. స్థూల ఆదాయం అద్దెకు మూడింతలు, స్కోరు కనీసం 650, రెండేళ్ళ అద్దె చరిత్రను ఇంటి యజమానులతోనే ధ్రువీకరించాలి.

మిర్చియార్డు – సెప్టెంబర్ 3, ఉదయం 9:10

ఇంత తలనొప్పి ఎందుకు? ఆ ఇల్లు అమ్మి గొల్లపూడి వైపు నాలుగు సెంట్లు కొనండి. స్థలానికి నేర చరిత్ర ఉండదు.

టులెట్_బోర్డు – సెప్టెంబర్ 3, ఉదయం 9:25

ఎందుకుండదు బాబూ! మా మరిది కొన్న స్థలానికి ముగ్గురు యజమానులు.

కానూరు_కబుర్లు (కానూరు, విజయవాడ) – సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 1:40

అద్దెకు ఉండే వైపు నుంచి ఒక మాట. డెంటన్‌లో ఎమ్మెస్ చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చాను.

యజమానులు అద్దెకు వచ్చేవారిని అనుమానించడం సరే. ‘ఇల్లు నాదే, నేను ఇండియాలో ఉన్నాను, చూపించడానికి కుదరదు, అడ్వాన్సు పంపితే తాళం కొరియర్లో వస్తుంది’ అన్నది అక్కడ అద్దె మోసగాళ్ళు అచ్చంగా చెప్పే కథ. ఎవరిదో ఇంటి ఫోటోలు ఎత్తుకొచ్చి, అద్దె నాలుగు వందలు తగ్గించి పెడతారు. చదువుకునే రోజుల్లో నేను 1,500 డాలర్లు పంపబోయి, మా రూమ్మేట్ చెయ్యి పట్టుకుని ఆపితే ఆగాను. కాబట్టి తిరుగుటపా గారూ, మంచి దరఖాస్తుదారు మీ వైపు చూసి మీరే దొంగ అనుకుని వెళ్ళిపోయే అవకాశం ఎక్కువ. కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డులో మీ పేరు ఉన్నట్టు ముందే చూపించండి. ఇల్లు తప్పకుండా ఏజెంటే తలుపు తీసి చూపించాలి. మీ ఇంటి ఫోటోలతో దొంగ ప్రకటనలు ఉన్నాయేమో వారానికోసారి వెతకండి.

పాతకాపు గారి జీతం చీటీ లెక్కకు ఒక సవరణ కూడా ఉంది. ఎఫ్1 విద్యార్థి వీసా మీద ఓపీటీలో (చదువు తర్వాత కొంతకాలం పనిచేసే అనుమతి) పనిచేసేవాళ్ళకు మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. నా చీటీలో ఆ రెండు గడులూ సున్నాలే. ఒక యజమాని అది చూసి నాది దొంగ చీటీ అన్నాడు! ఏడ్చినంత పనైంది.

ప్లేనో_పాతకాపు – సెప్టెంబర్ 3, మధ్యాహ్నం 2:15

ఈ సవరణ సరైనది తల్లీ, నేను చెప్పి ఉండాల్సింది. సున్నా ఉంటే కారణం అడగాలి. 6.2 కంటే ఎక్కువ ఉంటేనే కాగితం తప్పు.

లెక్కలగంప (లబ్బీపేట, విజయవాడ) – సెప్టెంబర్ 3, సాయంత్రం 5:50

వృత్తిరీత్యా చార్టర్డ్ అకౌంటెంటును. ఎవరూ పన్ను మాట ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను.

మీరు అమెరికా లెక్కల్లో నాన్‌రెసిడెంట్ అయితే, ఏమీ చేయకుండా ఉంటే అద్దె మొత్తం మీద 30 శాతం పన్నుగా అక్కడే పట్టుకోవాలి. అక్కడి పన్ను చట్టం సెక్షన్ 871(డి) కింద ఎంపిక చేసుకుంటే గృహరుణ వడ్డీ, ఆస్తిపన్ను, మరమ్మతులు, తరుగుదల తీసేశాక మిగిలిన దాని మీదే పన్ను. అప్పుడు ఏజెంటుకు డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇచ్చి, ఏటా 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను దాఖలు చేయాలి. అక్కడ ఉన్నప్పుడు కొన్న ఇల్లు ఇక్కడికి వచ్చాక ఉంచుకోవడానికి మన విదేశీ మారక చట్టం ఫెమా, సెక్షన్ 6(4), అడ్డు చెప్పదు. ఇక్కడ మీరు ఇంకా ‘ఆర్డినరిలీ రెసిడెంట్’ (తిరిగొచ్చి కొన్నేళ్ళయ్యాక వచ్చే పన్ను హోదా) కాకపోతే ఆ అద్దె మీద భారత్‌లో పన్ను పడదు. కానీ డబ్బు ముందు అక్కడి ఖాతాలోనే పడాలి. నేరుగా పటమట బ్యాంకు ఖాతాకు తెప్పించుకుంటే ఇక్కడ అందుకున్న ఆదాయం అవుతుంది. ఆ హోదా మారిన సంవత్సరం నుంచి రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏ నింపడం మరిచిపోకండి. 2015 నాటి నల్లధనం చట్టంలో దానికి 10 లక్షల జరిమానా ఉంది. ఎగ్గొట్టిన అద్దె కంటే అది పెద్దది.

తిరుగుటపా – సెప్టెంబర్ 4, రాత్రి 11:55

మూడో అతని చీటీ తీసి చూశాను. రెండు వారాల జీతం 4,600. సోషల్ సెక్యూరిటీ 285 డాలర్ల 20 సెంట్లు ఉండాలి, చీటీలో 322. దాని కింద గడిలో రాష్ట్ర పన్ను 138! పని కూడా డల్లాస్‌లోనే అని రాశాడు. నేనేమీ అనలేదు. క్రెడిట్ రిపోర్టుకు అనుమతి ఇచ్చే లింకు ఏజెంటు పంపితే, ‘యజమానికి నమ్మకం లేకపోతే వద్దు’ అని జవాబిచ్చి మాయమయ్యాడు.

ఇక మిగిలినవారు. టులెట్ అమ్మగారి మాట పట్టుకుని, ఇల్లు చూపించేటప్పుడు ఎవరు ఏమి అడిగారో చెప్పమని ఏజెంటును అడిగాను. తెనాలి ఆయన పూజగది ఎటువైపు పెట్టుకోవచ్చు, గరాజ్‌లో రెండో వంట పొయ్యి పెట్టుకోవచ్చా అని అడిగారట. నర్సు మాత్రం ఇంటికి మొత్తంగా నీళ్ళు ఆపే వాల్వు ఎక్కడ, ఏసీ ఫిల్టరు కొలత ఎంత, మొన్నటి చలిలో పైపులు పగిలాయా అని అడిగింది. ఆ ఇంట్లో ఆరేళ్ళు ఉన్నాను, ఫిల్టరు కొలత నాకే గుర్తు లేదు.

టులెట్_బోర్డు – సెప్టెంబర్ 5, ఉదయం 5:50

నీళ్ళ సంగతి అడిగింది చూశావా బాబూ. ఆవిడ ఉంటుంది.

ప్లేనో_పాతకాపు – సెప్టెంబర్ 5, ఉదయం 7:30

ఆ ముచ్చట మనసులో ఉంచుకోండి, నిర్ణయంలోకి రానివ్వకండి. పూజగది అడిగారని ఒకరిని తగ్గించారంటే అది మతం దగ్గరికి వెళుతుంది. కాగితంలో ఉన్న మూడు నియమాలూ ఇద్దరికీ ఒకేలా పెట్టి చూడండి.

ఇస్త్రీ బండి అతనికి బదులు అక్కడ కౌంటీ అప్రైజల్ వెబ్‌సైటు ఉంది. దరఖాస్తులో రాసిన పాత ఇంటి చిరునామా కొడితే అసలు యజమాని పేరు వస్తుంది. దరఖాస్తులో ఇచ్చిన పేరు అదేనా చూడండి. ఇంకోటి, ఇప్పటి యజమాని మాటకు ఎక్కువ విలువ ఇవ్వకండి. వదిలించుకోవాలని ఉన్నవాడు అద్దెకున్నవాణ్ణి ధర్మరాజు అంటాడు. అంతకుముందు యజమానికి ఆ అవసరం ఉండదు.

తిరుగుటపా – సెప్టెంబర్ 8, రాత్రి 10:20

చూశాను. తెనాలి ఆయన ‘ప్రస్తుత యజమాని’ అని ఇచ్చిన నంబరు ఆయన బావమరిదిది. ఇల్లు వేరే ఎవరి పేరునో ఉంది. అడిగితే దాచలేదు, ‘వాళ్ళ ఇంట్లోనే సర్దుకుని ఉంటున్నాం’ అన్నారు. అంతకుముందు ఉన్న అపార్ట్‌మెంటు కార్యాలయం వాళ్ళు మూడుసార్లు అద్దె ఆలస్యమైందని, ప్రతిసారీ జరిమానాతో కట్టారని చెప్పారు. తమ్ముడి కారు అప్పుకు హామీ ఉండటం వల్ల స్కోరు పడిందట. మంచి మనుషులే అనిపిస్తోంది, అదే బాధ.

నర్సు మూల జీతం అద్దెకు 2.6 రెట్లే. అయితే కాగితంలో స్థూల ఆదాయం అని ఉంది. ఎనిమిది నెలల చీటీల్లో రాత్రి డ్యూటీలు, ఓవర్‌టైం కలిపి 70,400. అంటే నెలకు 8,800, మూడింతలు దాటింది. తెనాలి ఆయనకూ ఇలాగే లెక్కేశాను, ఆదాయంలో ఆయనా గట్టెక్కారు. ఆగిపోయింది స్కోరు దగ్గర, యజమాని ధ్రువీకరణ దగ్గర.

ఇక కుక్క. నర్సు వైద్యుడి ఉత్తరం పంపింది. అది పెంపుడు కుక్క కాదట, ఆందోళన సమస్యకు తోడుగా ఉండే జంతువట. దీనికి అదనపు డిపాజిట్ అడగవచ్చా?

ప్లేనో_పాతకాపు – సెప్టెంబర్ 8, రాత్రి 10:45

అడగకూడదు. చట్టం దృష్టిలో అది చక్రాల కుర్చీ లాంటిది. పెంపుడు జంతువుల రుసుము, డిపాజిట్ ఏదీ వర్తించదు. అది ఏదైనా పాడుచేస్తే మాత్రం మామూలు డిపాజిట్‌లోంచి తీసుకోవచ్చు. దిగేముందు ప్రతి గదికీ తేదీతో వీడియో తీయించండి. ఖాళీ చేశాక టెక్సాస్‌లో డిపాజిట్ లెక్క తేల్చడానికి 30 రోజులే ఉంటాయి.

తెనాలి వాళ్ళకు ఫోన్లో ‘సారీ’ అని ఊరుకోకండి. క్రెడిట్ రిపోర్టు చూసి కాదన్నప్పుడు 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం వాళ్ళకు తెలియజేయాలి. ఏ సంస్థ రిపోర్టు, దాని చిరునామా, ఫోన్ నంబరు, నిర్ణయం ఆ సంస్థది కాదన్న మాట, 60 రోజుల్లో ఉచితంగా ప్రతి తెప్పించుకుని తప్పులుంటే సవాలు చేసే హక్కు, స్కోరు వాడితే ఆ స్కోరు – ఇవన్నీ ఉండాలి. ఏజెంటు దగ్గర నమూనా ఉంటుంది, ఈసారి చదివి సంతకం పెట్టండి.

తిరుగుటపా – సెప్టెంబర్ 14, ఉదయం 9:05

నర్సుతో ఒప్పందం అయిపోయింది. ఉత్తరం కూడా పంపించాం. అది చేరిన మరునాడు పొద్దున ఆరున్నరకు తెనాలి నుంచి వాళ్ళ పెదనాన్నగారు మా అమ్మకు ఫోన్ చేశారు! నంబరు ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి. “మా వాడికి ప్రతికూల నోటీసు అని ఏదో పంపించారట, అంత తప్పు మావాడు ఏమి చేశాడమ్మా?” అని. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పావుగంట నిలబడే మాట్లాడింది. “అది అక్కడి పద్ధతట అన్నయ్యగారూ, మాకూ కొత్తే” అంది. పెట్టేశాక నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. నిన్న మాత్రం కుక్క పేరేమిటని అడిగింది.

మిర్చియార్డు – సెప్టెంబర్ 14, ఉదయం 9:40

అంతా బాగుంది గానీ, మొదటివాళ్ళ రెండున్నర నెలల బకాయి వచ్చిందా?

తిరుగుటపా – సెప్టెంబర్ 14, ఉదయం 9:48

రాలేదు. ఆయన పోయిన నెల అరండల్‌పేటలో ఒక పెళ్ళిలో కనిపించారు. నా పక్కనే కూర్చుని భోజనం చేశారు. వడ్డించే అతన్ని పిలిచి నా విస్తట్లో కూడా గోంగూర వేయించారు.